గంటా పది నిమిషాల దూరం

తమ్ముడు శ్రీను హైదరాబాదులో, కొంపల్లి దగ్గర ఇల్లు కొనుక్కున్నాడు. గృహప్రవేశం నాడు పొయ్యి వెలిగించి పాలు పొంగించేది ఆడపడుచు. ముగ్గురు తమ్ముళ్లకీ అక్కను నేనొక్కదాన్నే. మిగతా ఇద్దరి ఇళ్లలోనూ నేనే పొంగించాను. ఈసారి మాత్రం శ్రీను ఫోన్ చేసి, "రైళ్లన్నీ వెయిటింగ్ లిస్టే అక్కా. అంత దూరం ఏం పడతావులే, తర్వాత నిదానంగా వద్దువుగాని" అన్నాడు. మా వారు పోయి రెండేళ్లయింది. వాడు చెప్పలేకపోయింది నాకర్థమైంది. దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి, రాజమండ్రి నుంచి విమానం టిక్కెట్ కొన్నాను. నాలుగు వేల రెండు వందలు.

రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్లు దాటే దూరం గాలిలో సుమారు మూడు వందల అరవై, గంటా పది నిమిషాలు. అయితే మా రామచంద్రపురం నుంచి రాజమండ్రి పక్కన మధురపూడిలో ఉన్న విమానాశ్రయానికే మండపేట మీదుగా కారులో గంటా ముప్పావు పడుతుంది. విమానం ఏడూ నలభైకి. నాలుగున్నరకి బయలుదేరాను.

"తమ్ముడుగారు పంపారాండి టిక్కెట్టు?" అన్నాడు డ్రైవర్ సత్తిబాబు.

"నేనే కొనుక్కున్నాను."

"అయితే గట్టిగానే వెళ్తున్నారండి," అని నవ్వాడు.

తనిఖీ దగ్గర నా చేతిసంచి ఆపారు. అందులో రెండు కొబ్బరికాయలు.

"ఇవి లోపలికి కుదరదమ్మా."

"మా తోటలోవండి."

"ఏ తోటవైనా అంతేనమ్మా."

అక్కడే వదిలేశాను. గాలిలో పన్నెండు మాలల జపం పూర్తయ్యేసరికి దిగుతున్నామన్నారు. శంషాబాద్ నుంచి కొంపల్లికి క్యాబ్‌లో గంటన్నర, పదిహేను వందలు. గడపలో అడుగుపెట్టేసరికి పదీ నలభై. ముహూర్తం పదకొండూ ఐదుకి.

మరదలు లలిత ఎదురొచ్చింది. "కూర్చోండి వదినగారూ, అలిసిపోయుంటారు. పాలు మా చెల్లి పొంగిస్తుందిలెండి."

"ఆడపడుచుని నేను కదమ్మా."

"అది కాదండి... ఇప్పుడు మీరు..."

"పోయింది మీ అన్నయ్యగారమ్మా. ఆడపడుచుని నేను ఉన్నాను."

పంతులుగారు గడియారం చూసుకుని, "ఎవరో ఒకరు రండి తల్లీ, ముహూర్తం ఆగదు" అన్నారు. నేను లేచి వంటింట్లోకి నడిచాను. వెనకాలే శ్రీను వచ్చి, లలిత చెల్లెలి చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని నాకిచ్చాడు. నేను పొయ్యి వెలిగించాను. పాలు తూర్పుకే పొంగాయి.

ఆ పొంగు చూస్తూ మా వారిని తలుచుకున్నాను. ఉండి ఉంటే పక్కనే నిలబడి, మంట తగ్గించమని కంగారుపెట్టేవారు. ఆయన లేకపోవడం నా తప్పు కాదు. తప్పు చేసినదానిలా వెనక గదిలో కూర్చోమంటే, ఎవరింట్లోనైనా సరే, కూర్చోను.

ఈ దారిలో శుభకార్యానికి వెళ్లేవారికి ఒక్క మాట. టిక్కెట్ మీద గంటా పది అని ఉన్నా, గడప నుంచి గడపకి ఆరు గంటలు వేసుకుని పొద్దుటి విమానమే తీసుకోండి.