కొంగు మీద రెండు కార్లు

ధర్మవరంలో మా నాయనకు మగ్గాలున్నాయి, ఇల్లుంది, నేనున్నాను. ఆయన మనసు మాత్రం ఒక ఆకుపచ్చ రేసు కారు మీద ఉండేది. అది ఏ దేశంలో తయారవుతుందో కూడా ఆయనకు సరిగ్గా తెలియదు. ఒక్క మనిషి మాత్రమే పట్టే కారు. మా వీధిలో స్పీడ్ బ్రేకరు ఎక్కితే అక్కడే ఇరుక్కుపోతుంది. మార్చిలో సీజను మొదలైతే డిసెంబరు దాకా దేశాలు పట్టుకుపోవడం, పోయిన చోట గుండ్రంగా తిరగడం, ఇదీ దాని ఉద్యోగం. నా ఉద్యోగం పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో. ఇంటిల్లిపాదినీ సామానుతో సహా మోసే కార్లను రోజూ చూసి ఇంటికొచ్చి, దీని గొప్పలు వినాలంటే ఒళ్ళు మండేది. రేసున్న ఆదివారం మా ఇంట్లో మిక్సీ కూడా వేయకూడదు.

నా పెళ్ళి కుదిరింది కూడా ఆ కారు పుణ్యానే. హిందూపురం నుంచి చూడటానికి వచ్చిన పెళ్ళికొడుకు నా చదువు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. గోడ మీద ఆకుపచ్చ కారు బొమ్మ చూసి, "మీరూ మనోళ్ళేనా మామా!" అన్నాడు. ఇక టైర్లు ఎప్పుడు మార్చాలో ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే నేను తెచ్చిన కాఫీలు మీగడ కట్టాయి. మనిషి నవ్వు బాగుందని ఒప్పుకున్నాను. అంతకన్నా తెలుసుకునే సందు నాకివ్వలేదు.

నేను అడిగింది ఒక్కటే. ముహూర్తం చీర మా మగ్గం మీదే, మామిడి పిందెల అంచుతో నేయించమన్నాను. అమ్మ పెళ్ళి చీర అంచు అది. చిన్నప్పటి నుంచి బీరువా తీసినప్పుడల్లా దాన్ని తడిమి చూసుకునేదాన్ని.

"పిందెలు ఎవురైనా కట్టుకుంటారు పాపా. ఈ తూరి మన కారు గెలుస్తాది. కొంగు మీద కారు నేయిస్తా, జరీ కారు! హిందూపురమోళ్ళు నోరెళ్ళబెట్టల్ల" అన్నాడు నాయన.

అప్పటికి సీజను మొదలై రెండు రేసులు కూడా కాలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

మాకు డిజైన్లు గీసే పెద్దాయన జన్మలో రేసు చూడలేదు. నెమళ్ళు, హంసలు, చిలుకలు గీసిన చెయ్యి అది. పెళ్ళి చీరకు ఒంటి బొమ్మ పనికిరాదు, ఏదైనా జంటగా, ఎదురెదురుగా ముఖం పెట్టుకుని ఉండాలని ఆయన పట్టు. నాయన ఇచ్చిన ఫోటో చూసి, అలవాటు కొద్దీ రెండు కార్లు గీశాడు, ముక్కుకు ముక్కు ఆనించి. టీముకు ఎటూ రెండు కార్లే కదా అని నాయన మురిసిపోయాడు.

"అవి గుద్దుకుంటాండాయి కదా నాయనా! పెళ్ళి చీర మీద ఇదేం శకునం?" అన్నాను.

"గుద్దుకునేది యాడుండాది? ముచ్చట్లు చెప్పుకుంటాండాయి."

చీర మగ్గమెక్కింది. కారు మాత్రం ఏ రేసులోనూ ముందుకు రాలేదు. ఒకసారి ఇంజను, ఒకసారి వాన, ఒకసారి టైర్లు. గెలవనోడికి సాకులకు కొదవా? మామా అల్లుళ్ళు ఫోన్లో ఒకరినొకరు ఓదార్చుకునేవాళ్ళు. నాకు ఫోను చేసినా అదే ఏడుపు. పోనీలే, పెళ్ళయ్యాక మారతాడని నాకు నేనే చెప్పుకున్నాను.

నేత పూర్తయి, మగ్గం మీద నుంచి చీర కోసి ఇంటికి తెచ్చిన ఆదివారం కూడా రేసుంది. మొదటి మలుపులోనే ఆ టీము కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగిపోయాయి. నాయన టీవీని చూశాడు, పక్కనున్న చీరను చూశాడు. ముఖం పాలిపోయింది.

"నా చేతులారా నేనే గుద్దించినానే! ఆ చీర కట్టొద్దు పాపా, మన కారుకు అచ్చిరాలేదు. నీకు మామిడి పిందెలే నేయిస్తా."

రాత్రికి హిందూపురం నుంచి పెళ్ళికొడుకు ఫోను. పెళ్ళినాటి సాయంత్రం కూడా రేసుందట, దయచేసి ఆ చీర వద్దట.

నా కాపురానికి మంచిది కాదేమోనని నేనంటే, ముచ్చట్లు అన్న మనిషి నాయన! కూతురు అడిగినప్పుడు దొరకని పిందెలు కారు కోసం దొరికాయి. కోపం కాదు, అసహ్యమేసింది.

పిందెల చీర ముహూర్తం వేళకు వచ్చింది. అచ్చం అమ్మ చీరే. ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టేసి, కార్ల చీర కట్టుకున్నాను.

హిందూపురం కల్యాణ మంటపంలో పీటల మీద కూర్చున్నాక నాయన నన్ను చూశాడు. ఆ సీజనంతటిలో మొదటిసారి అంతసేపు నా వైపు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురు వెళ్ళిపోతోందని ఏడుస్తున్నాడు పాపం అని చుట్టాలు నాతో అన్నారు. ఆయన చూపు నా ముఖం దాకా రాలేదు, కొంగు దగ్గరే ఆగిపోయింది.