అమ్మను కమ్మిన మాగన్ను

ఆ వేసవిలో గద్వాలలో మా అమ్మ పగలంతా కలలోనే ఉండేది. చెంబులకొద్దీ నీళ్లు తాగి, జూరాల డ్యాం నీళ్లు మన వాకిట్లోకి వచ్చాయని నవ్వేది. ఒక మధ్యాహ్నం నన్నే చూసి, "ఎవరు నాయినా నువ్వు? ఏ ఊరు?" అంది.

"గాలి సోకింది బిడ్డా, తాయెత్తు కట్టిపియ్యి," అంది పక్కింటి చిన్నమ్మ.

"గాలి లేదు గీలి లేదు చిన్నమ్మా, రక్తపరీక్ష చేపిద్దాం," అని దవాఖానకు తీసుకెళ్లాను.

రక్తంలో కాల్షియం మితిమీరింది. మోకాళ్ల నొప్పులకు వారానికొకటి వేసుకోవాల్సిన విటమిన్ డి గోలీని, ఎక్కువ మింగితే ఎక్కువ బలమని నెలల తరబడి రోజూ మింగిందట! దప్పిక, మతి తప్పడం దానివల్లేనన్నారు డాక్టరు.

సెలైన్ ఎక్కుతుండగా ఒక ఉదయం అమ్మ నావైపు తేరిపార చూసింది. "ఏందిరా, గడ్డం గిట్ల పెంచినవ్? దొంగలెక్క ఉన్నవ్," అంది.

అంత తీయని తిట్టు నేనెన్నడూ వినలేదు. తాయెత్తు కట్టించి కూర్చుంటే అది నాకు దక్కేది కాదు.