రెండు సీట్ల బండి

విరుదునగర్‌లో పాత కార్లమ్మే షెడ్డులో రెండు బండ్లు చూపించారు. ఒకటి గుడ్డ పైకప్పు వెనక్కి మడిచేసే ఎర్ర కారు, సీట్లు రెండే. రెండోది నాలుగు సీట్ల చిన్న కారు, ఇంజను మాత్రం మహా చురుకు. రెండూ తేలికవే, రెండూ నాకు అందే ధరలోనివే.

ఇలాంటి బండ్ల పిచ్చి అసలు మా తమ్ముడిది. "బరువు తగ్గితేనే అన్నా బండికి ఉసురు వచ్చేది" అని నా బుర్ర తినేవాడు. నాలుగేళ్ళ కిందట కోవిల్‌పట్టిలోని మా ఇంటి నుంచి కారులో ఇటు వస్తూ సాత్తూరు దగ్గర ప్రమాదంలో పోయాడు. అప్పట్నుంచీ నేను ఏ కారెక్కినా పక్క సీట్లో వాడే. గేరు మార్చమని గొణుగుతాడు. మలుపులో బ్రేకు తొక్కితే నవ్వుతాడు. వాడంటే ప్రేమ లేక కాదు, ఒక్కసారైనా ఆ రోడ్డు మీద వాడు లేకుండా పోవాలని ఉంది. వాడు పక్కనుంటే నాకు భయం వేస్తుంది.

మా ఇళ్ళల్లో పెళ్ళికాకుండా పోయినవాళ్ళు దేవుళ్ళవుతారు. కొత్త బట్టయినా, ఇంటికొచ్చిన బండయినా మొదట వాళ్ళకే. నాలుగు సీట్లదయితే వాడు వెనక హాయిగా కాళ్ళు చాపుకుంటాడు. అందుకని ఎర్రదే తీసుకున్నాను. ఒక సీటు నాది, ఇంకోటి అమ్మది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కోవిల్‌పట్టి దాకా ఖాళీ సీట్లో వాడే వచ్చాడు. ఇంటి ముందు ఆపి, అమ్మ కోసం తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, లోపలికి తొంగిచూసింది.

"సీటు రెండే వుండాది గదరా."

"అవునమ్మా. నీకూ నాకూ."

"నాకెందుకురా? బస్సుండాదే. వాడు కూచ్చోనీ."

అమ్మ లోపలికి పోయి కొత్త పంచె తెచ్చింది. మడత విప్పకుండా సీటు మీద పెట్టి, పైన మల్లెపూలు ఉంచింది. తర్వాత బెల్టు లాగింది. అలవాటు లేని చెయ్యి, కొక్కెం ఎక్కడుందో వెతుక్కుంది. నేను సాయం చెయ్యబోతే విదిలించింది. పంచె మీదుగా తెచ్చి తనే తగిలించింది.

"ఆ పొద్దు ఇది పెట్టుకోలేదు వాడు" అంది. ఏడవలేదు. ఒకసారి లాగి చూసి, తలుపు వేసింది.

నేను ఎక్కి తాళం తిప్పాను. అమ్మ కిటికీలోకి వంగి, నన్ను కాదు, ఆ పక్క సీటును చూస్తూ చెప్పింది.

"మెల్లంగా పోండ్రా. ఇద్దురూ తిరిగి రావాల."