నేను గీసిన ప్లాంటు చప్పుడు

పోయిన వారం మధ్యాహ్నం, బయట వడగాలి కొడుతుండగా, మా కింది అంతస్తులో ఉండే తెలుగావిడ కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. భర్త కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు, వాళ్ళది కాకినాడ దగ్గర ఊరు. తల్లీ నన్ను ఆంటీ అనే పిలుస్తుంది, కూతురూ ఆంటీ అనే పిలుస్తుంది. ఢిల్లీ చేరాక మన పిన్నులూ అత్తయ్యలూ అమ్మమ్మలూ అందరూ కలిసి ఒకే ఒక్క ఆంటీ అయిపోయారు కనుక నేనేమీ అనుకోను. ఆ అమ్మాయికి ఇంజనీరింగు కౌన్సెలింగులో రెండు దారులు మిగిలాయట. మంచి పేరున్న పాత కాలేజీలో కెమికల్, లేదంటే కొత్తగా వెలసిన ఏదో ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు. మర్నాటికల్లా ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఇందిరాపురంలో ఇన్ని వందల ఫ్లాట్లున్న మా సముదాయంలో కెమికల్ ఇంజనీరింగు చదివిన మనిషి వాళ్ళకు నేనొక్కదాన్నే తెలుసు కనుక, ఓ మాట అడిగి పోదామని వచ్చారు.

ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. ప్లాంటులో ఆడపిల్లలకు రాత్రి షిఫ్టు ఇస్తారా అని అడిగింది. ఆ ప్రశ్న వినగానే నాకు ఎక్కడలేని హుషారు వచ్చేసింది. ఇప్పుడు చాలాచోట్ల ఇస్తున్నారనీ, ఆడపిల్లలు కంట్రోల్ రూములో తెల్లవార్లూ కూర్చుని అంత పెద్ద ప్లాంటునూ నడుపుతున్నారనీ, మా కాలంలో ఇది కలలో కూడా ఊహించలేదనీ గబగబా చెప్పుకుపోయాను. చెబుతూ చెబుతూ తల్లి ముఖం చూడలేదు.

"రాత్రిళ్ళు కూడానా ఆంటీ? అయితే వద్దులెండి, కంప్యూటర్లే నయం," అందావిడ. "ఠీక్ హై మమ్మీ," అంటూ ఆ పిల్ల ఫోను తీసింది.

అంతే, తేలిపోయింది. నేను ఏ మాట సంబరంగా చెప్పానో ఆ మాటే కెమికల్‌ను కొట్టేసింది. వాళ్ళు వెళ్ళాక తలుపు వేసుకుని వచ్చి కూర్చున్నాను. ఆ పిల్ల మీద కోపం లేదు, తల్లి మీదా లేదు. కానీ దిగులు వేసింది, ఆ దిగులు పంచుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. నా పెళ్ళి సంగతి అడిగేవాళ్ళు అడిగి అడిగి అలిసిపోయి చాలా కాలమైంది. అందుకని నా ఈడువాళ్ళు ఎవరైనా చదువుతారని ఇది రాస్తున్నాను.

నేను కెమికల్‌లో చేరినప్పుడు మా ఇంట్లో అదేమిటో ఎవరికీ తెలియదు. మా మేనమామ అది సబ్బుల చదువన్నాడు, మా నాన్న కెమిస్ట్రీ లెక్చరరు ఉద్యోగమే కాస్త తిప్పి చెప్పారనుకున్నాడు. నాకు మాత్రం రెండో ఏడు వేసవిలో ఓ ఎరువుల ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకెళ్ళిన రోజే పిచ్చి పట్టుకుంది. గేటు దాటగానే నేల సన్నగా అదురుతోంది, మాటలు వినపడక అందరూ చెవుల దగ్గర అరుస్తున్నారు, ఆకాశంలోకి లేచిన టవర్ల మధ్య గొట్టాలు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో తెలియడం లేదు, అయినా ఎవరో ఒకరికి అదంతా తెలుసు. ఆ తెలిసిన మనిషిని నేను కావాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

చివరి ఏడు ఇంటర్వ్యూలకు వచ్చిన కంపెనీ పెద్దమనిషి నన్ను గంటసేపు ప్రశ్నలడిగి, జవాబులన్నిటికీ తల ఊపి, చివర ఎంతో మర్యాదగా చెప్పాడు, ట్రైనింగు షిఫ్టుల్లో ఉంటుందనీ, చీకటి పడ్డాక ఆడవాళ్ళను ఫ్యాక్టరీలో పనికి ఉంచడానికి చట్టం ఒప్పుకోదనీ. నా వెనక బెంచీలో కూర్చుని నా నోట్సు చూసి పాసైన గుంటూరు అబ్బాయికి ఆ ఉద్యోగం వచ్చింది. నాకు ఢిల్లీలో ప్లాంట్లకు డిజైను చేసే ఒక కంపెనీలో వచ్చింది. ఆఫీసు ఉద్యోగం, పగటి ఉద్యోగం, ఫ్యాను కింద ఉద్యోగం అని మా అమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది.

మా నాన్న నన్ను వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో దింపి వెనక్కి వెళ్ళిన సాయంత్రమే ఢిల్లీలో నా ఒంటరితనం మొదలైంది. హాస్టల్లో తెలుగు వచ్చినవాళ్ళు లేరు. ఆదివారాలు గడిచేవి కావు. ఎవరికీ చెప్పలేదు గానీ, కొన్ని ఆదివారాలు బస్సెక్కి స్టేషనుకు వెళ్ళి, ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని, మన వైపు నుంచి వచ్చే రైలు ఆగే చోట నిలబడేదాన్ని. ట్రంకు పెట్టెలు దింపుకుంటూ, పిల్లల్ని లెక్క పెట్టుకుంటూ, కూలీలతో వచ్చీరాని హిందీలో పోట్లాడుతూ మనవాళ్ళు దిగేవాళ్ళు. ఆ కాసేపూ తెలుగు విని హాస్టలుకు తిరిగొచ్చేదాన్ని. ఎవరికోసం వచ్చావమ్మా అని ఒకసారి ఒక పెద్దావిడ అడిగితే, మా చుట్టాలు ఈ రైలుకు రాలేదండీ అని అబద్ధమాడాను.

పనిలో మాత్రం ఆ బెంగ ఉండేది కాదు. పెద్ద పెద్ద కాగితాల మీద ప్లాంటు మొత్తం గీతలుగా ఉండేది, ఒక్కో గీతా ఒక్కో గొట్టం. సరి చూసిన గీత మీద పసుపు పెన్సిలు రుద్దాలి. కాగితం మీద పసుపు పడని గీత ఒక్కటి కూడా మిగలకూడదు. ప్రింట్లు తీసే గదిలోంచి వచ్చే అమ్మోనియా వాసనకు అందరూ ముక్కు మూసుకునేవాళ్ళు, నేను మాత్రం అదే నాకు దక్కిన ఫ్యాక్టరీ వాసన అనుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఒక ఎరువుల ఫ్యాక్టరీలో ఒక భాగం పూర్తిగా నా చేతికిచ్చారు. గ్యాసులోంచి బొగ్గుపులుసు వాయువును కడిగి వేరుచేసే రెండు టవర్లు, వాటి పంపులు, వాటి గొట్టాలు. రెండేళ్ళపాటు నా నిద్రలో కూడా ఆ టవర్లే.

ఆ రోజుల్లోనే గుంటూరు అబ్బాయి ఉద్యోగం వదిలేసి కలెక్టరు పరీక్షలకు చదవడానికి ఢిల్లీ వచ్చి మునిర్కాలో గది తీసుకున్నాడు. కలిసినప్పుడల్లా షిఫ్టులను తిట్టిపోసేవాడు. నిద్ర లేదనీ, కళ్ళు మండిపోతాయనీ, సైరను మోగితే గుండె ఆగిపోతుందనీ. నువ్వు అదృష్టవంతురాలివి అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది, అయినా ఆ సైరను ఎలా మోగుతుందో, షిఫ్టు మారేటప్పుడు ఒకరికొకరు ఏం చెప్పుకుంటారో గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. అతను చెబుతున్నంతసేపూ నేను లోపల ఏడ్చేదాన్ని.

మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. ప్లాంటు కట్టడం పూర్తయి మొదటిసారి నడిపేటప్పుడు, ఏ భాగం ఎవరు గీశారో వాళ్ళు వెళ్ళి రెండు మూడు నెలలు అక్కడే ఉండి, అది కుదురుగా నడిచాక ఫ్యాక్టరీ వాళ్ళకు అప్పజెప్పి రావాలి. పిల్లను అత్తారింట్లో దింపడానికి పుట్టింటివాళ్ళు వెళ్తున్నారని ఆటపట్టించి, స్టేషనుదాకా వెళ్ళి రైలెక్కించి వచ్చేవాళ్ళు. నేనూ ఎందరినో ఎక్కించాను. నా వంతు ఎప్పుడొస్తుందా అని కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశాను. ఒక సూట్‌కేసు, ప్లాంటులో నడవడానికి ఎత్తు మడమలు లేని బూట్లు కూడా కొనుక్కున్నాను.

నా వంతు వచ్చింది. మా పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. ఆయన పంజాబీ పెద్దమనిషి, నన్ను బేటీ అనే పిలిచేవాడు, నిజంగా అభిమానం ఉన్నవాడు. ప్లాంటు మొదలుపెట్టేటప్పుడు రాత్రీ పగలూ ఉండదనీ, అక్కడ ఆడవాళ్ళు ఉండడానికి గది కాదు కదా బాత్రూము కూడా లేదనీ, ఫ్యాక్టరీ వాళ్ళు ఒప్పుకోవడం లేదనీ చెప్పాడు. ఆపైన నన్ను ఓదార్చబోయి, "బేటీ, ప్లాంట్ తో కాగజ్ పర్ హీ బన్‌తా హై," అన్నాడు. ప్లాంటు తయారయ్యేది కాగితం మీదేనట. కాగితం మీద తయారైనదాన్ని కాగితం మీదే నడపండి మరి, అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

నా బదులు నా తర్వాత చేరిన జూనియరు వెళ్ళాడు, తమిళ అబ్బాయి, బుద్ధిమంతుడు. అతన్ని కూర్చోబెట్టి అన్నీ అప్పజెప్పాను, ఏ వాల్వు ముందు తెరవాలో, ఏ పంపు మొరాయిస్తుందో. కన్నతల్లి లేకుండా జరిగిన అప్పగింతలు అవి. బూట్లు హాస్టల్లో పనిచేసే అమ్మాయికి ఇచ్చేశాను.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున్న ఆఫీసుకు ఫోను వచ్చింది. అతనే. టవర్లు నడుస్తున్నాయనీ, అన్నీ నేను లెక్కగట్టినట్టే ఉన్నాయనీ చెప్పి, ఉండండి మేడమ్ అన్నాడు. కంట్రోల్ రూము తలుపు తీసి, వైరు వచ్చినంతమేర రిసీవరు బయటికి చాచినట్టున్నాడు. రేకుల కప్పు మీద పెద్దవాన పడుతున్నట్టు ఒక్కసారిగా ఆ హోరు నా చెవిలోకి వచ్చింది.

"మేడమ్, వినిపిస్తోందా? ఇది మీదే," అని దూరం నుంచి అరిచాడు.

వినిపిస్తోందని చెప్పాను. చుట్టూ అందరూ ఉన్నారు కనుక ఏడవలేదు. ఆనవాయితీ ప్రకారం లడ్డూలు తెప్పించి పంచాను.

పోనీ తర్వాత ఒకసారి పగటిపూట వెళ్ళి చూసి రావచ్చుగా అని మీరు అడగొచ్చు. రమ్మన్నారు కూడా. అప్పగింతలకు వద్దన్న పెళ్ళికి ఆ తర్వాత చుట్టపుచూపుగా వెళ్ళడం నాకిష్టం లేకపోయింది. నా తత్వమే అంత. మిగతా ప్లాంట్లు చాలా చూశాను, పెద్ద హోదాలో, తెల్ల హెల్మెట్టు పెట్టుకుని, వెనక నలుగురు నడుస్తుండగా. ఆ ఒక్కదానికి మాత్రం వెళ్ళలేదు.

రిటైరయ్యే ముందు వెళ్ళాల్సి వచ్చింది. ఆ పాత పద్ధతిలో ఎరువు తయారు చేయడం గిట్టుబాటు కాక ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది, సామానులో పనికొచ్చేదేమైనా ఉందేమో చూసి రమ్మన్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి దారి చూపించబోతే అక్కర్లేదన్నాను. అడుగు పెట్టడం అదే మొదటిసారైనా ఎవర్నీ అడక్కుండా నడిచి వెళ్ళాను, ఏ మలుపులో ఏ గొట్టం ఉంటుందో నాకు తెలుసు. పావురాల రెక్కల చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. పంపుల మధ్య తుమ్మ మొక్కలు లేచాయి. రెండో టవరు అడుగున పై తొడుగు ఊడిపోయి ఇనుము బయటపడింది. నడిచే రోజుల్లో అక్కడ చెయ్యి పెడితే బొబ్బలెక్కేది. ఆ వేడి ఎంతో లెక్కగట్టింది నేనే. చెయ్యి పెట్టాను. చలికాలపు పొద్దుటిపూట, చల్లగా ఉంది.

ఇప్పుడు చట్టాలు మారాయి, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళకు గదులూ బాత్రూములూ కట్టారు. ఈ రాత్రి కూడా ఎక్కడో ఒక ఆడపిల్ల కంట్రోల్ రూములో ఆవులిస్తూ, ఎప్పుడు తెల్లవారుతుందా అని గడియారం చూసుకుంటూ ఉంటుంది. ఆ హోరు ఆమెకు వినిపించనంతగా అలవాటైపోయి ఉంటుంది. అలా అలవాటు కావడమే నేను కోరుకున్నదని ఆమెకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.