దీపం దించిన పాతర

నిన్న ఉదయం మల్లేశం ఫోన్ చేశాడు. "మామా, నానమ్మ పోయింది" అన్నాడు. 

బీదర్‌లో ఊరికి వెళ్లే చిట్గుప్ప బస్సు ఎక్కి కూర్చున్న తరువాత గానీ, కాళ్లకు చెప్పులు లేవని నేను గమనించలేదు.

మల్లేశం నానమ్మ, మా మేనత్త ఈరమ్మ ఇక లేదు.

ఊరికి ఆమె జొన్నరొట్టెల ఈరమ్మ. అంతకు మించి ఆమెను గురించి తెలిసినవారు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

నిజాం పాలన కూలిన రోజులవి. అత్త అప్పుడు కొత్త కోడలు. ముస్లింల ఇళ్లను వెతుకుతూ గుంపులు ఊరూరా తిరుగుతున్నాయి. మా ఊరి దర్జీని సంత దారిలోనే చంపారు. అతని భార్య ఫాతిమాబీ ఇద్దరు పిల్లలతో పెరటి గోడ దూకి అత్త ముందు నిలబడింది.

మగవాళ్లు చేలల్లో ఉన్నారు. అత్త ఎవరి అనుమతికీ ఎదురు చూడలేదు.

పెరట్లో జొన్నల పాతర ఉంది. ఈ తరం చూసి ఉండదు కనుక చెబుతున్నాను. అది ధాన్యం దాచే లోతైన గొయ్యి. మూతి ఇరుకు, కడుపు వెడల్పు. చాలాకాలం మూసి ఉంచితే లోపలి గాలి విషమవుతుంది. అందుకే ముందుగా తాడుకు దీపం కట్టి దించుతారు. దీపం ఆరితే ఎవరూ దిగరు.

ఆ పాతర అప్పటికే ఖాళీ అయి, మంచి గాలి ఆడి ఉంది. ఆ సంగతి ఇంటివాళ్లకే తెలుసు. తల్లీపిల్లలను అందులోకి దించి, సందు వదిలి మూత వేసింది.

గుంపు రానే వచ్చింది. ముందున్నవాడు వరుసకు ఆమెకు బావ. చేతిలో గొడ్డలి.

"జరుగు ఈరమ్మా. పాతర చూడాలె."

"చూడు బావా, ఎవలొద్దన్నరు? ఎండకాలం మూసింది. దీపం దించుత, జర ఆగు. నువ్వు దిగి సస్తే మా అక్క నన్ను తిడ్తది."

ఎవరో నవ్వారు. బావ నవ్వలేదు.

అత్త మూత తీసి, దీపం కట్టిన తాడును లోపలికి వదిలింది. అందరూ మూతి మీదికి వంగారు. కింద, పైనుంచి చూపు అందని గోడకు అంటుకొని, ఒక తల్లి రెండు చేతులతో ఇద్దరు బిడ్డల నోళ్లు మూసి కూర్చుంది.

దీపం అడుగుకు చేరింది. కాసేపు నిలకడగా వెలిగింది.

ఆరిపోయింది.

ఫాతిమాబీ ఊదింది.

బావే అందరికంటే ముందు వెనక్కి జరిగాడు.

ఆ ముగ్గురూ బతికారు. తరువాత ఊరు వదిలి వెళ్లారు. మళ్లీ జాడ లేదు.

"ఆమె ఊదుతదని నీకెట్ల తెలుసు అత్తా?" అని, బళ్లో చరిత్ర చెప్పే రోజుల్లో ఒకసారి అడిగాను.

"నాకేం తెల్సురా! ఊదకుంటే నన్ను గూడ అండ్లనే ఏస్తుండిరి." మళ్లీ అంది: "నీ చరిత్ర పాఠంల జెప్పకు సారూ. ఆ బావ మనుమలు, మన మనుమలు ఒక్క బడికే పోతుండ్రు."

ఆమె ఉన్నంతకాలం నేను ఆ మాట దాటలేదు.

నిన్న ఊళ్లో దిగగానే చూశాను. మోటారుసైకిళ్ల మీద వచ్చిన కొందరు కుర్రవాళ్లు, ఏ దుకాణం ఎవరిదో అడుగుతూ వీడియో తీస్తున్నారు. వాళ్లది మా ఊరు కాదు. జవాబు చెబుతున్నవారిది మాత్రం మా ఊరే.

"మామా, నానమ్మ పాతర ముచ్చట ఫేస్‌బుక్‌ల పెట్టకు. దినాలు మంచిగ లేవు" అన్నాడు మల్లేశం.

పోయిన ఏడాది వాడు ఆ పాతరను పూడ్చి, పైన సిమెంటు వేసి కారు పెట్టుకుంటానన్నాడు. అత్త తన మంచం పాతర పక్కకు వేయించుకుంది. "నేనుండంగ పూడ్వొద్దు. అక్కర పడ్తది" అంది. ముసలితనపు చాదస్తమని అందరం నవ్వాం.

నిన్న శ్మశానం నుంచి తిరిగి వచ్చి, స్నానమైనా చేయకముందే, మల్లేశం పెరట్లోకి వెళ్లాడు. పాతర మూత తీసి, లోపలికి గాలి ఆడేలా పక్కన పెట్టాడు.

 

వెళ్లి రా అత్తా. ఎవరూ ఎవరినీ దాచవలసిన అవసరం లేని చోట నీకు నెమ్మదిగా నిద్ర పట్టుగాక.