డోలీ మోసిన అభ్యర్థులు

బస్సులో పక్కసీటాయన ఒళ్లో తడిసిన దుప్పటి ఉంది. ఆ వాసనకి ఫోన్ మీద నా వేలు ఆగిపోయింది. చర్ల దగ్గరి వాగు, సువార్తక్క గుర్తొచ్చారు.

సువార్తక్క అక్కడ బట్టలు కుట్టేది. సర్పంచ్‌గా నిలబడాలనుకుంది. ఆమె ఫోన్ ప్రచారం చూసుకోవడానికి హైదరాబాద్ నుంచి వెళ్లాను. అదే నా మొదటి పని. ఆమెకు కావలసింది ఒక్కటే, వాగు అవతలి గూడేనికి వంతెన. అంబులెన్స్ ఇవతలే ఆగిపోతుంది. నొప్పులొచ్చిన ఆడవాళ్లను కర్రకు దుప్పటి కట్టి, ఆ డోలీలో మోసుకుంటూ వాగు దాటించాలి. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గానీ, ఎవరి వెనక ఉండాలో పార్టీవాళ్లు ముందే తేల్చుకుంటారు. రేషన్ షాపు ముందు కూర్చుని చేతులెత్తించారు. ఎక్కువ చేతులు అదే పార్టీలో అక్కకు పోటీగా ఉన్న వెంకన్నకు లేచాయి.

నాకు ఒళ్లు మండింది. వెంకన్నను తిడుతూ వీడియో తయారుచేసి చూపించి, రెబెల్‌గా నామినేషన్ వేద్దామన్నాను.

"ఓడింది నేను గదా తమ్మీ. వాగుకేమైంది, గట్లనే ఉంది," అంది అక్క, మిషన్ మీద నుంచి తలెత్తకుండా. "ముందు ఆ వీడియో డిలీట్ చెయ్."

"నీకు కోపం రాదా అక్కా?"

"వస్తది. జాకెట్లు ఇచ్చేది ఉంది, అయినంక చూస్త."

గూడెం ఆమె మాట వింటుందని అందరికీ తెలుసు. అందుకే వెంకన్న శాలువా పట్టుకుని వచ్చాడు. మర్నాడు అవతలి పార్టీ నిలబెట్టిన లక్ష్మయ్య వచ్చాడు. ఇద్దరికీ ఆమె ఒకటే చెప్పింది. "గూడానికొచ్చి ఓట్లడుగు. కానీ నన్ను డోలీల మోసుకొని వాగు దాటినంకనే అడుగు."

వెంకన్న నవ్వాడు. "నిన్నా? నా నడుం ఇరుగుతది సువార్తా."

"కడుపుతో ఉన్న పిల్ల తేలికుంటదా ఏంది?"

లక్ష్మయ్య సరేనన్నాడని తెలిశాక వెంకన్నా ఒప్పుకున్నాడు. కర్ర రెండో కొస తన మనిషికిచ్చి, లక్ష్మయ్య రొప్పుతూ దాటాడు. వెంకన్న మాత్రం నడివాగులో రాయి మీద జారి మోకాలి మీద పడ్డాడు. దుప్పటి నీళ్లలో మునిగింది. అక్క నడుం దాకా తడిసి, కర్ర పట్టుకుని వేలాడింది.

"లే వెంకన్నా. నువ్వు ఆగితే కాన్పు ఆగదు," అంది.

రెండూ నేను ఫోన్లో తీశాను. రెండూ ఒకే వీడియోలో పెట్టమంది, పైన ఒక్క మాట కూడా రాయొద్దంది. తెల్లారేసరికి ఇద్దరి ప్రచార ఆటోల్లోనూ మొదటి మాట వంతెనే. ఎవరికి వేయాలని గూడెంవాళ్లు అడిగితే, "మీ ఇష్టం, ఎవలు గెలిచినా వదలకుండ్రి," అంది.

లక్ష్మయ్య గెలిచాడు. ఓడిన వెంకన్న కూడా ఆయన వెంట ఆఫీసుల చుట్టూ తిరిగాడు. వంతెన లేచింది. శిలాఫలకం మీద అక్క పేరు లేదని నేను గొడవపెట్టుకోబోయాను. ఆమె అప్పటికే వంతెన మధ్యలో ఉంది.

"సూడు తమ్మీ, చెప్పులు ఇడవకుండ వచ్చిన," అంది.

ఇప్పుడు నాకు ఎన్నికల ప్రచారాలే బతుకుతెరువు. టికెట్ రాని నాయకులు వచ్చి, అది దక్కినవాణ్ణి తిట్టే వీడియో చేయమంటారు. టికెట్ వస్తే ఏం చేద్దామనుకున్నారని అడుగుతాను. చెప్పగలిగితే ఆ పని మీదే వీడియో చేసి, పోటీలో ఉన్న అందరికీ పంపమంటాను. చెప్పలేనివాళ్లు లేచి వెళ్లేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాను.