గోరు మేస్త్రి వేలిముద్రలు

టైల్స్ మేస్త్రికి ఆ పేరు పెట్టింది ఒక ఇంజనీరు. పలక అతికించిన ప్రతిసారీ మేస్త్రి అతుకు మీద వేలి కొసతో అడ్డంగా తడుముతాడు. ఏమీ తగలకపోతే గోటితో గీస్తాడు. గోరు కూడా ఎక్కడా ఆగకపోతే అప్పుడు రెండో పలక చేతిలోకి తీసుకుంటాడు. రసమట్టం కూడా దగ్గర పెట్టుకుంటాడు గానీ అది చూసేవాళ్ళ తృప్తికే. ఒకసారి ఆ ఇంజనీరు రసమట్టం పెట్టి భేష్ అన్నచోట మేస్త్రి గోరు ఆగింది. పలక ఊడదీసి మళ్ళీ అతికించాడు. అప్పటినుంచి గోరు మేస్త్రి అయ్యాడు. పాతికేళ్ళలో అతని పనికి వంక పెట్టినవాడు లేడు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. తన దగ్గర పనిచేసేవాడెవడైనా అతుకు ఎగుడుదిగుడుగా పెడితే, మొత్తం వరస పీకించేవాడు.

విదేశం వెళ్ళాలన్న కోరిక పుట్టించింది బావమరిది. వాడు అక్కడ రంగులేసే పనిలో కుదురుకుని, ఇద్దరు పిల్లల్నీ పెద్ద చదువుల్లో పెట్టాడు. మేస్త్రికీ ఇద్దరే. మొదటిసారి నమ్ముకున్న ఏజెంటు ఆఫీసు బోర్డుతో సహా మాయమయ్యాడు. రెండోసారి కంపెనీయే మూతపడింది. మూడోసారి కొత్త ఏజెంటు ద్వారా పని పరీక్ష, వీసా తప్ప అన్నీ కుదిరాయి. కంపెనీ నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళను తీసుకోదు, మేస్త్రికి నలభై నాలుగు నిండాయి. ఇది తప్పితే ఇక ఆ ఊసే ఎత్తక్కర్లేదు.

వీసా ఆఫీసులో వేలిముద్రలు తీసుకునే అమ్మాయి నాలుగు వేళ్ళు గాజుపలక మీద పెట్టమంది. మిషన్ ఎర్రగా వెలిగింది. తుడిచి పెట్టమంది, తడిపి పెట్టమంది, నొక్కి పెట్టమంది. ఎన్నిసార్లు పెట్టినా ఎరుపే.

"మీ వేళ్ళ మీద గీతలే లేవండీ," అంది.

"సిమెంటులో అరిగాయమ్మా. అవి లేవంటేనే పని చేశానని అర్థం."

"మిషన్‌కి ఆ సంగతి తెలీదు కదండీ. నలభై రోజుల తర్వాతికి తేదీ ఇస్తాను. అందాకా సిమెంటు ముట్టుకోకండి. అప్పుడూ రాకపోతే ఫైలు మూసేస్తారు."

ఆ నలభై రోజులూ ఇంట్లో రాజ్యం భార్యది. ఆవిడ కుట్టుపని చేస్తుంది. పొద్దున్నే కుట్టుమిషన్ ముందు కూర్చునే లోపు అతని పది వేళ్ళకూ నూనె రాసేది. గిన్నె కడగనిచ్చేది కాదు, బట్ట ఉతకనిచ్చేది కాదు.

"కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు," అని ఎత్తిపొడిచేది.

"అల్లుడైతే సినిమాకైనా వెళ్తాడు. నన్ను కూర్చోబెట్టి పుణ్యం కట్టుకున్నావు," అనేవాడు.

కాలుగాలిన పిల్లిలా మూడు గదులూ తిరిగేవాడు. పక్కింటివాళ్ళ వంటగదిలో ఎవడో చేతకాని మేస్త్రి అతికించిన పలకలు చూసి, చెయ్యి పెట్టలేక, ఇంటికొచ్చి అన్నం సహించక లేచాడు. ఇరవై అయిదో రోజున భార్య అతని బొటనవేలిని కిటికీ దగ్గరకు లాక్కెళ్ళి చూసింది. సన్నగా, వంకరటింకరగా గీతలు మొలుస్తున్నాయి. ఆ రోజు ఇద్దరూ కడుపారా నవ్వుకున్నారు.

ముప్పై ఏడో రోజున ఏజెంటు ఫోన్ చేశాడు. కంపెనీ తరపున పెద్దాయన వచ్చాడు, పని పరీక్ష రేపే.

"మూడు రోజులాగి వస్తాను, నా వేళ్ళు..."

"ఆయన ఎల్లుండి వెళ్ళిపోతాడు. పరీక్ష పాసైతేనే ఉద్యోగం. వేలిముద్రలు పడితేనే వీసా. ఏది కావాలో మీరే చూసుకోండి."

వట్టి చేతులతో సిమెంటు పూస్తే ఒక్కపూటలో లేతచర్మం లేచిపోతుంది. భార్య ఆ సాయంత్రమే బజారుకెళ్ళి రబ్బరు తొడుగులు కొనుక్కొచ్చింది. మేస్త్రి వాటిని తొడుక్కుని బల్ల అంచు తడిమాడు. ఏమీ తెలియలేదు.

"ఇవేసుకుని పలక పెట్టమంటే, కళ్ళకు గంతలు కట్టి నడవమన్నట్టే."

"ఒక్కపూటకి నడవండి. ఇద్దరు పిల్లలున్నారు," అంది భార్య. అతను తొడుగులు మడిచి పనిముట్ల సంచిలో పెట్టుకున్నాడు.

పరీక్ష ఒక షెడ్డులో. మనిషికొక చిన్న గోడ, మూడు గంటల సమయం. మేస్త్రి తొడుగులు వేసుకునే కానిచ్చాడు. తొడుగు తీసేద్దామని నాలుగైదుసార్లు చెయ్యి లేచింది, మానుకున్నాడు. కంటితో, రసమట్టంతో, భయంతో పని నెట్టుకొచ్చాడు. అందరికంటే ముందు ముగించాడు.

పెద్దాయన గోడకు బద్ద ఆనించి చదును చూశాడు, తలాడించాడు, కాగితం మీద టిక్కు పెట్టాడు. మేస్త్రి ఆగలేక ఒక తొడుగు తీసి, అప్పటికే పొడిగా ఉన్న కింది వరస మీద గోరు గీశాడు. ఆగింది. పక్క అతుకు మీదా ఆగింది. తన దగ్గర పనివాడు చేసి ఉంటే ఆ వరస మొత్తం పీకించేవాడే.

"ఇక్కడ అతుకు లేచింది సార్," అన్నాడు.

ఏజెంటు వెనకనుంచి మోచేత్తో పొడిచాడు. అయినా పెద్దాయన ఏమిటని అడగడంతో ఆ సంగతి ఆయన భాషలో చెప్పక తప్పలేదు. ఆయన వంగి చూసి, నవ్వి ఏదో అన్నాడు. ఏజెంటు ఆ మాటలు తెలుగులో చెప్పాడు: "ఇది ఎవరికి కనిపిస్తుంది అంటున్నారు. అక్కడ తొడుగులు లేకుండా గేటు లోపలికే రానివ్వరట. మీకు ముందే అలవాటుంది కాబట్టి మీరే కావాలంటున్నారు. వేగంగా చేశారని మెచ్చుకుంటున్నారు కూడా."

మేస్త్రికి ఇంతకుముందు చాలామంది మెచ్చుకోళ్ళు అందాయి. సిగ్గేసింది మాత్రం ఇదే మొదటిసారి. ఉద్యోగం దొరికినందుకు సంతోషమూ వేసింది. రెండూ కలిసి బస్సులో ఇంటిదాకా వచ్చాయి.

నలభయ్యో రోజున భార్యను వెంటబెట్టుకుని వీసా ఆఫీసుకు వెళ్ళాడు. అదే అమ్మాయి, అదే గాజుపలక. కుడిచెయ్యి పెట్టాడు, పచ్చగా వెలిగింది. ఎడమచెయ్యి, పచ్చ. బొటనవేళ్ళు, పచ్చ. వెనక కుర్చీలో భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అమ్మాయి తెర ఇటు తిప్పింది. పది వేళ్ళూ పెద్దవిగా, స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఏ పనీ ఎరగని మనిషి వేళ్ళలా ఉన్నాయి.

"అద్దంలా వచ్చాయండీ. అక్కడ దిగాక కూడా ఇవే చూస్తారు, జాగ్రత్త. మళ్ళీ అరగ్గొట్టుకోకండి."

మేస్త్రి తెరవంక చూశాడు.

"ఇక అరగవులే అమ్మా," అన్నాడు.